ఇరవై ఆరు వేల బేరం

మొదట్లో ఆమె చేతిలో ఉన్నవి మూడు. ముప్ఫై ఒక్క వేల నగదు, ఒక మూల పగిలిన ఫోను, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులో ఈగలు తోలుకునే రెండు గంటలు. ఈ మూడింట్లో ఏదీ తనదని గట్టిగా చెప్పుకోవడానికి లేదు. ఫోను, మొగుడు కొత్తది కొనుక్కున్నప్పుడు ఇచ్చిన పాతది. ఆ రెండు గంటలూ షాపువి. ఇక డబ్బంటారా, దాని పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి.

షాపు కుట్టుసామాన్లది. దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు, లైనింగు గుడ్డ, ఎలాస్టిక్. మామగారు పెట్టింది, మొగుడు కూర్చుని నడుపుతున్నది, ఆమె నిలబడి నడుపుతున్నది. నిలబడి అన్న మాట ఊరికే వాడలేదు. పదకొండేళ్ళుగా కౌంటర్ వెనక ఆయనకి కుర్చీ ఉంది, ఆమెకి స్టూలైనా లేదు. టైలర్లు గుడ్డ ముక్క తెచ్చి బల్ల మీద పడేస్తే, నాలుగువందల పైచిలుకు దారపు రంగుల్లో దానికి అచ్చంగా సరిపోయేదాన్ని ఆమె చూపుడువేలు నడుచుకుంటూ వెళ్ళి పట్టేస్తుంది. పక్క వీధిలో రెండు పెద్ద షాపులున్నా టైలర్లు ఇక్కడికే రావడానికి కారణం ఆ వేలే. అందుకే వాళ్ళు ఆమెని షేడక్క అంటారు. మనమూ అలాగే అందాం. ఇంట్లో ఆమెని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎలాగూ లేరు.

జీతమంటూ లేదు. "సొంత షాపులో జీతమేంటే, నలుగురూ వింటే నవ్వుతారు," అన్నాడు మొగుడు ఒకసారి, తనే ముందుగా నవ్వేస్తూ. మోకాళ్ళు పట్టేసి కౌంటర్ దిగిపోతున్న రోజున అత్తగారు మాత్రం ఒక వరం ఇచ్చింది. "ఖాళీ కండెలూ అట్టపెట్టెలూ నువ్వమ్ముకో. నేనూ అలాగే చేసుకునేదాన్ని. మగాళ్ళకి చెప్పక్కర్లేదు." ఆరేళ్ళ అట్టపెట్టెలు ముప్ఫై ఒక్క వేలయ్యాయి. హక్కుగా ఇచ్చిందే అయినా పాతసామాన్లవాడు నోట్లు చేతిలో పెట్టిన ప్రతిసారీ షేడక్క వెనక్కి తిరిగి చూసేది. తన షాపులో తనే దొంగతనం చేస్తున్నట్టు వీపు మీద ఎవరివో చూపులు గుచ్చుకునేవి. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఆ డబ్బుతో ఆమె కొనాలనుకున్నది కంప్యూటర్. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ సంగతి సూటైనదే. టైలర్లు ఒక్క దారపు కండె కోసం పని ఆపుకుని బస్సెక్కి వస్తారు. గుడ్డని ఫోనుతో ఫోటో తీస్తే ఏ నంబరు దారమో చెప్పేసే యాప్ ఒకటి ఉంటే? రెండేళ్ళుగా ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి గిరాకీకి వదిలేసి, ఉచితంగా దొరికే పాఠాలన్నీ విన్నది. ఫోను మీదే, బొటనవేలితోనే కోడ్ రాసింది. దీపం వెలుతురులో ఒక రంగు, ఎండలో ఇంకో రంగు వస్తుంటే తల పట్టుకుని, చివరికి ఒక చిట్కా కనిపెట్టింది: గుడ్డ పక్కన మామూలు తెల్ల చొక్కా గుండీ ఒకటి పెట్టి ఫోటో తీస్తే, ఆ తెలుపు ఎంత మారిందో చూసి మిగతా రంగుల్ని సరిచెయ్యొచ్చు. ఏ పాఠంలోనూ లేని చిట్కా అది. కానీ బొటనవేలితో ఇంకెంత దూరం? పాఠాలు చెప్పే మాస్టారు ముందే చెప్పేశాడు. పదహారు జీబీ మెమరీ లేని మెషిన్ మీద ఈ పని పెట్టుకోవద్దు, కోడ్ రాసే ప్రోగ్రామూ, యాప్ సరిచూసుకోవడానికి అందులో తెరుచుకునే ఉత్తుత్తి ఫోనూ రెండూ కలిసి దాని పీక నొక్కేస్తాయి అని. కొత్తది కొనే తాహతు లేదు. వాడింది వెతకాలి.

రెండు సెకండ్‌హ్యాండ్ షాపులు తిరిగింది. మొదటివాడు, "పిల్లలకా మేడం?" అన్నాడు. "నాకే," అంటే, "సినిమాలకైతే ఇది సరిపోద్ది," అని తుడిచి తళతళలాడించిన ఒక డొక్కు ముందుకు తోశాడు. రెండోవాడు ఎనిమిది జీబీ మెషిన్ మీద పదహారని స్టిక్కర్ అంటించి కూర్చున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి అసలు అంకె చూపిస్తే, "అబ్బో, మీకన్నీ తెలుసే," అని పళ్ళికిలించాడు. పాత జిప్పుకి కొత్త రన్నర్ తొడిగి కొత్తదని అంటగట్టే బాపతు తెలియందా ఆమెకి? అక్కడినుంచి లేచొచ్చి, ఇళ్ళలోవాళ్ళు అమ్ముకునే ప్రకటనలు చూడటం మొదలుపెట్టింది. నాలుగో రోజున దొరికింది. పదహారు జీబీ, నాలుగేళ్ళ పాతది, ముప్ఫై ఎనిమిది వేలు. 'ఇంట్లో ఊరికే పడి ఉంది' అని కింద రాసుంది.

"జిప్పుల హోల్‌సేల్‌కి వెళ్ళొస్తా," అని చెప్పింది మొగుడితో.

"నాలుగింటికల్లా వచ్చెయ్. యూనిఫారాల టైలరొస్తాడు. నీ కోసం కాకపోతే వాడు ఇక్కడికెందుకొస్తాడు," అన్నాడాయన. ఆయన దగ్గర అది మెచ్చుకోలు కాదు, హాజరు పట్టీ.

మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. తలుపు తీసినాయన నవ్వుమొహం మనిషే. కుర్చీల మీద ఆరేసిన చిన్న చిన్న బట్టలు తీసి చోటిచ్చాడు. "ఏమోయ్, నీళ్ళు పట్రా," అని కేకేశాడు. రెండేళ్ళ పాపని చంకనేసుకుని ఒకావిడ నీళ్ళు తెచ్చింది. గ్లాసు పెట్టాక వెళ్ళిపోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

షేడక్క కంప్యూటర్ తెరిచింది. సెట్టింగులు చూడకముందే కీబోర్డు చూసింది. సెమికోలన్, బ్రాకెట్ల మీటలు అద్దంలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఉత్తరాలు రాసుకునేవాళ్ళకి, సినిమాలు చూసేవాళ్ళకి వాటితో పనిలేదు, కోడ్ రాసేవాళ్ళకే. కత్తెర పిడి చూసి అది కుడిచేతివాడిదో ఎడమచేతివాడిదో చెప్పగల మనిషికి ఈ మెషిన్ ఎవరిదో చెప్పడానికి ఎంతసేపు? ఇది ఊరికే పడున్నది కాదు. పాపని చంకనేసుకున్న ఆ చేతులు వాడినది. మెమరీ పదహారూ నిజమే. కోడ్ రాసే ప్రోగ్రామ్ ముందే ఎక్కించి ఉంది. ధర ముప్ఫై మూడు ఇస్తే న్యాయం అని లోపల ఒక అంకె వేసుకుంది.

"తెర హింజి వదులైంది సార్. బ్యాటరీ ముప్పావు వంతే నిలుస్తోంది."

"ముప్ఫై అయిదుకి తీసేసుకోండి."

"ఇరవై ఎనిమిది."

"ఊరుకోండి మేడం. అది చార్జర్‌కి కూడా రాదు. ముప్ఫై మూడు, ఇంక నన్నడక్కండి."

అక్కడ ఆగిపోయింది బేరం. ఆమె దగ్గర ఉన్నదల్లా ముప్ఫై ఒకటి. అప్పుడు గోడ దగ్గరనుంచి మాట వినిపించింది, అడిగినట్టు కాదు, అలవాటుగా ఓడిపోయేవాళ్ళు చివరిసారి అన్నట్టు. "ఇప్పుడే ఎందుకండీ. వచ్చే ఏడు పాపని బడిలో వేస్తాం కదా, అప్పుడు నాకు..."

"మళ్ళీ మొదలెట్టావా," అన్నాడాయన, నవ్వుమొహం అలాగే ఉంచుకుని.

ఇక్కడ కౌంటర్ మర్మం ఒకటి చెప్పాలి. దంపతులు వస్తారు. ఆమె లేసు చేత్తో పట్టుకుని, ఇంకోటి చూపించండి అని నసుగుతుంది. అలాంటప్పుడు ఇంకోటి చూపించకూడదు. ఆమె వంక చూడనే చూడకూడదు. మగమనిషి వైపు తిరిగి, 'అమ్మగారికి మనసు రావట్లేదు సార్, వదిలెయ్యండి' అని లేసు చుట్టేయడం మొదలుపెట్టాలి. తన ఇంట్లో ఆడమనిషి మనసు వల్ల బేరం ఆగిపోయిందని పరాయి మనిషి అంటే ఏ మొగుడూ ఓర్చుకోడు. పదికి తొమ్మిదిసార్లు, 'ప్యాక్ చెయ్యండి' అంటాడు. ఇది అత్తగారు నేర్పిన విద్య. దీంతో షేడక్క పదకొండేళ్ళలో ఎంత లేసు అమ్మిందో చెప్పలేం.

ఆ మాట ఆమె ఆలోచించి అనలేదు. వేలు రంగు దగ్గరకి వెళ్ళినట్టు నోరు దానంతటదే వెళ్ళింది. సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడి, "మేడమ్‌కి మనసు రావట్లేదు సార్. ఇంట్లో ఇష్టంలేని వస్తువు మనకెందుకు, వదిలెయ్యండి," అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మనసేంటండీ మనసు! ఈ ఇంట్లో కొన్నా అమ్మినా నేనే. ఇరవై ఎనిమిదన్నారుగా? తీసుకోండి."

"ఇరవై ఆరు," అంది షేడక్క. ఆ చివరి రెండు వేలు అలవాటు కొద్దీ తగ్గించినవి. మొగ్గుతున్న తక్కెడని వేలితో ఇంకాస్త నొక్కడం, అంతే.

"సరే, ఇరవై ఆరు. అయిపోయింది. ఇక దీని గొడవ మాట్లాడకు," అన్నాడాయన భార్యతో.

ఆవిడ గోడ వదిలి ముందుకొచ్చింది. "ఒక్క ఫోల్డర్ కాపీ చేసుకుంటా. పెన్‌డ్రైవ్ ఎక్కడో ఉంది, వెతకాలి. పావుగంట."

"నీ పావుగంట నాకు తెలీదా! అవతల ఆవిడ నిలబడి ఉన్నారు." తర్వాత మర్యాదస్తుడిలా షేడక్క వైపు తిరిగాడు. "మీకు పర్లేదా మేడం, కాసేపు ఆగుతారా?"

అడిగాడు. అదే పెద్ద తంటా. అడక్కుండా ఉంటే పాపం మొత్తం ఆయన ఖాతాలో పడేది. గోడ గడియారంలో మూడూ ఇరవై అయిదు. నాలుగింటికి యూనిఫారాల టైలర్. ఆమె లేకపోతే మొగుడు జిప్పుల హోల్‌సేలర్‌కి ఫోన్ చేస్తాడు, మా ఆవిడ బయల్దేరిందా అని. వాడు, ఏ ఆవిడ అంటాడు. ఇదంతా రెప్పపాటులో ఆమె తలలో తిరిగింది. ఎదురుగా ఆవిడ మొహం కూడా ఉంది. చూసింది. చూసే అంది: "నాకు నాలుగింటికి షాపులో ఉండాలండీ."

అబద్ధం కాదు. అబద్ధమైతే కాస్త నయంగా ఉండేదేమో.

ఆవిడ పాపని కింద దించింది. నిలబడే, తడిచేతిని నడుముకి తుడుచుకుని, పాస్‌వర్డ్ కొట్టింది. కొత్త అకౌంట్ ఒకటి తెరిచింది. "నీది తీసేయ్ పూర్తిగా, మన ఫోటోలూ అవీ ఉంటాయి," అన్నాడాయన. ఈ అకౌంట్‌తో పాటు దాన్లో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని మెషిన్ అడిగింది. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా సరే నొక్కింది. కండె మీంచి దారం తెగినంత సేపు కూడా పట్టలేదు.

ఆవిడ చార్జర్ వైరు చుట్టి ఇస్తూ గుమ్మం దాకా వచ్చి, మెల్లగా అడిగింది. "దేనికండీ మీకు?"

"యాప్ చేసుకుంటున్నా. దారం రంగులు పట్టిచ్చేది."

ఆవిడ కళ్ళలో ఏదో వెలిగి, వెలిగినంత వేగంగా సర్దుకుంది. "ఉత్తుత్తి ఫోన్ తెరిచినప్పుడు ఫ్యాన్ అరుస్తుంది. పాడైందనుకోకండి. ఒక నిమిషానికి తగ్గిపోతుంది," అంది. తలుపు మూసుకుంది.

షేడక్క నాలుగింటికి అయిదు నిమిషాల ముందే కౌంటర్ వెనక నిలబడింది. యూనిఫారాల టైలర్ అయిదున్నరకి వచ్చాడు.

స్టాక్ రూమ్‌లో లైనింగు గుడ్డ బేళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే బల్ల అయింది. మర్నాడు రెండింటికి తలుపు చేరవేసి మెషిన్ తెరిచింది. ఉత్తుత్తి ఫోన్ లేచింది, ఫ్యాన్ అరిచింది, సరిగ్గా ఒక నిమిషానికి తగ్గింది. రెండేళ్ళు బొటనవేలితో చేసిన పనంతా మూడు వారాల్లో దాటేసింది. తెల్లగుండీ చిట్కా పారింది. పది గుడ్డల్లో ఎనిమిదింటికి సరైన నంబరు చెప్పేది. ఆ ఆనందం పంచుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి ఎలాస్టిక్ పెట్టెలతో చెప్పుకుని నవ్వుకునేది. కానీ రోజూ ఆ ఒక్క నిమిషం ఉండేది కదా, ఫ్యాన్ అరిచేది. ఆ నిమిషంలో చెయ్యడానికి పనేమీ ఉండదు. ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చున్న మనిషిని గతం వదలదు. అమ్మింది ఆయన, చెరిపింది ఆవిడ, నేను కొన్నానంతే అనుకునేది. ఎన్నిసార్లు అనుకున్నా కుదిరేది కాదు. ఆగకపోతే మానె, పోనీ ఇంకో దారి లేదా? 'ఇంటికెళ్ళి నేనే కాపీ చేసి పంపిస్తానమ్మా, తీసెయ్యకండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంత చిన్న మాట. గిరాకీ వచ్చినప్పుడు తడుముకోకుండా తొమ్మిది రకాల లేసుల ధరలు చెప్పే నోరు, ఆ మాట దగ్గర ఎలా పడిపోయింది? తనకి తెలుసు ఎలా పడిపోయిందో. అవతలిది ఆడమనిషి పని కాబట్టి. ఆ ఫోల్డర్ ఆ నవ్వుమొహం ఆయనది అయ్యుంటే, ఆఫీసు కాగితాలు అన్నా, పావుగంట కాదు, గంటైనా కూర్చునేది. తన మొగుడు తన రెండు గంటల్ని ఎలా తూచాడో, తనూ ఆవిడ పావుగంటని అదే తక్కెడలో తూచింది. వెంట్రుకంత తేడా లేదు.

ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో అని ఒకవైపు భయం ఉండనే ఉంది. తెలిసింది. ఎలాస్టిక్ పెట్టె కోసం లోపలికి వచ్చిన మొగుడు బేళ్ళ మీది మెషిన్ చూసి ఆగిపోయాడు.

"ఇదెక్కడిది?"

"కొన్నాను. సెకండ్‌హ్యాండ్." అట్టపెట్టెల డబ్బు సంగతి కూడా చెప్పేసింది. ఇక తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"ఎంత?"

"ఇరవై ఆరు."

"వాడెంత చెప్పాడు?"

"ముప్ఫై ఎనిమిది."

ఆయన ఒక్క క్షణం నోరు తెరిచి, పెద్దగా నవ్వాడు. "ముప్ఫై ఎనిమిది చెప్పినవాణ్ణి ఇరవై ఆరుకి దించావా! ఎలాగే?" ఎలాగో చెప్పింది. ఎలాస్టిక్ పెట్టె మర్చిపోయి కౌంటర్ దగ్గరికి పరిగెత్తినంత పనిచేశాడు. "విన్నావా టైలరూ, మా ఆవిడ ఘనకార్యం! పెళ్ళానికి మనసు లేదు వదిలెయ్యండి అందట, వాడు చచ్చినట్టు పన్నెండు వేలు దిగొచ్చాడు!" యూనిఫారాల టైలర్ బల్ల చరిచాడు. "షేడక్కంటే మాటలా!"

ఇంటికెళ్ళాక అత్తగారికీ అదే కథ. ఆవిడ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నిటారుగా కూర్చుంది. "ఆ ముక్క నేను నేర్పిందే. మరి వాడి పెళ్ళాం ఏమంది?"

"ఏమీ అనలేదు అత్తయ్యా."

"ఏమంటుందిలే. ఇంట్లో కూర్చునేదానికి ఆ డబ్బా ఎందుకు? నీకంటే షాపుంది."

"యాప్ అయ్యాక మన షాపు పేరే పెట్టు. కింద ఓనరని నా పేరు వెయ్యి," అన్నాడు మొగుడు ధారాళంగా.

పదకొండేళ్ళు ఎదురుచూసింది షేడక్క, ఈ ఇంట్లో ఒక్కసారి, నువ్వు గట్టిదానివే అనిపించుకోవాలని. అనిపించుకుంది. అందరూ ఒకేసారి అన్నారు. దేన్ని తల్చుకుంటే తనకి అన్నం దిగడం లేదో దాన్నే పట్టుకుని అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు తిరిగి కాస్త బరువు వాళ్ళ మీద దింపుకునేది. మెచ్చుకోలుకి ఎదురు తిరిగే దారి ఆమెకి తెలియదు. నవ్వుతున్న ఇద్దరి మధ్య కంచాలు ఎత్తి, కడిగి, బోర్లించింది. ఆఖరి కంచం బోర్లించేసరికి రేపు ఎక్కడికి వెళ్ళాలో తేలిపోయింది.

మర్నాడు పదకొండింటికి, గిరాకీ ముమ్మరంగా ఉన్న వేళ, మెషిన్ సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

"జిప్పులకా?" అన్నాడు మొగుడు.

"కాదు. నాకు పనుంది."

"ఇప్పుడా? రంగులెవరు చూస్తారు?"

"వచ్చేదాకా ఆగమనండి," అంది. ఆగమనండి అన్న మాట తన నోట్లోంచి ఇంత తేలిగ్గా వచ్చినందుకు మెట్లు దిగుతూ తనే సిగ్గుపడింది.

మూడో అంతస్తులో ఆవిడే తలుపు తీసింది. ఇంట్లో ఆయన లేడు. షేడక్కనీ, సంచినీ చూసి, "పాడైందా?" అంది.

"లేదమ్మా. బాగా పనిచేస్తోంది. మీకిచ్చేద్దామని తెచ్చాను."

ఆవిడ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పాప వచ్చి సంచి లాగుతుంటే చూస్తూ నిలబడింది. "లోపల పెట్టుకుంటే మళ్ళీ అమ్మేస్తారు," అంది చివరికి. "ఈసారి మీ అంత గట్టి బేరగాళ్ళు దొరక్కపోవచ్చు, అంతే తేడా." అంటూనే పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"ఆ ఫోల్డర్‌లో ఏముందమ్మా?"

"మా అమ్మకి వినపడదు. తలుపు కొడితే తన ఫోన్ వణికేట్టు ఒకటి రాస్తున్నా. ఒక్క తలుపే కాదు, కుక్కర్ కూసినా, పాప ఏడ్చినా దేనికి ఎలా వణకాలో వేరువేరుగా. ఉద్యోగం మానేశాక మొదలుపెట్టా. పాప పడుకున్నప్పుడల్లా."

"ఎక్కడా ఇంకో కాపీ లేదా?"

"పాతది నెట్‌లో ఉంది. చివరి ఏడు నెలలది లేదు. ఎక్కించాలి ఎక్కించాలి అనుకుంటూనే, ఈలోపు పాప లేచేది." ఆవిడ పాప చేతిలోంచి సంచి పట్టీ విడిపించింది. "అది నా తప్పే."

"గడియారం చూసింది నేను."

"అవును," అంది ఆవిడ. "అది మీదే."

పర్వాలేదులెండి అంటుందని షేడక్క లోలోపల ఎదురుచూసింది కాబోలు, ఆ మాట రాకపోయేసరికి మెట్ల మీద ఒక మెట్టు లేనట్టు కాలు తడబడింది. బేరం పోగా తన దగ్గర మిగిలిన అయిదు వేలు, ఉన్నవి ఉన్నట్టు, తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ చూసింది. "దీనికి ఏడు నెలలు వస్తాయా?"

"రావు."

"అయితే తీసి లోపల పెట్టుకోండి. మీరు ఇచ్చేసి వెళ్ళిపోతే మీకు తేలిపోతుంది. నాకేం తేలుతుంది?"

షేడక్క డబ్బు తీసుకుంది. ఆరేసిన బట్టల్లోంచి నీటిచుక్క నేల మీద పడుతూ ఉంది. తెలిసిన మాటలన్నీ కొనేవీ అమ్మేవీ అయినప్పుడు, ఆ రెండూ కాని మాట ఒకటి వెతుక్కోవడానికి టైం పడుతుంది. "మా షాపు వెనక గది ఉందమ్మా," అంది ఆఖరికి. "నాకు రెండు నుంచి నాలుగే కుదురుతుంది. పొద్దున్నంతా ఈ మెషిన్ ఖాళీ. పాపని కూడా తెచ్చుకోండి. బేళ్ళు తప్ప పగిలేవేం లేవు. మీ అకౌంట్ మీది, నా అకౌంట్ నాది. అమ్మడానికి ఎవరి చేతిలోనూ ఉండదు."

"మా ఆయనకి ఏం చెప్పాలి?"

షేడక్క అబద్ధాలు తనకి అలవాటే కాబట్టి ఏదో అనబోయింది. ఆవిడే అందుకుంది. "కుట్టు నేర్చుకుంటున్నానంటా. దానికెవరూ అడ్డురారు." మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వులాంటిది కనిపించింది. అది షేడక్క కోసం నవ్వింది కాదు.

తన ఇంట్లో మాత్రం నిజమే చెప్పింది షేడక్క, అదీ కౌంటర్ దగ్గర, గిరాకీ వింటుండగా. "రేపట్నుంచి పదింటికి స్టాక్ రూమ్‌లో ఒకావిడ కూర్చుంటారు. కంప్యూటర్ పని."

"పరాయివాళ్ళనా? సరుకున్న గదిలోనా?"

"పరాయి ఏం కాదు. కంప్యూటర్ అమ్మిన ఇంటావిడే. అందులో సగం ఆవిడది."

"డబ్బులిచ్చి కొన్నావు కదే!"

"తక్కువిచ్చి కొన్నాను."

"అదే కదా నీ గొప్ప!"

"ఆ తగ్గింది ఆవిడ వాటాలోంచి తగ్గిందండీ." చేతిలో ఉన్న గుడ్డ ముక్క బల్ల మీద పరిచి, రంగుల పట్టీ ఆయన వైపు తిప్పింది. "మీకు కుదరదంటే చెప్పండి. రేపట్నుంచి రంగులు మీరే చూసుకుందురు గాని."

ఆయన పట్టీ చూశాడు. నాలుగువందల పైచిలుకు గళ్ళు. అందులో ముప్ఫై రకాల నీలాలు. ఎదురుగా నిలబడ్డ టైలర్ గొంతు సవరించుకున్నాడు. "పదింటికా?" అన్నాడు మొగుడు. "తాళం నేనొచ్చాక తీస్తాలే."

"తాళం నా దగ్గర ఉంటుంది," అంది షేడక్క. గుడ్డకి సరిపోయిన నీలం తీసి టైలర్ చేతిలో పెట్టింది.

అప్పటినుంచి ఆవిడ వస్తోంది. పాప లైనింగు బేళ్ళు ఎక్కి దిగుతూ ఉంటుంది. అరిగిన మీటల మీద ఆ వేళ్ళు ఎంత వేగంగా పోతాయో చూస్తుంటే షేడక్కకి ముచ్చటేస్తుంది, వెంటనే గుండెలో ముల్లు కదులుతుంది. ఒకసారి ఆవిడ షేడక్క కోడ్ చూసి, "ఇది నాలుగు లైన్లలో అయిపోతుంది," అని చేసి చూపించింది. పది గుడ్డల్లో ఎనిమిది పట్టే యాప్ ఇప్పుడు తొమ్మిది పడుతోంది. యాప్‌లో తయారుచేసినవారి పేరు రాసే గడి షేడక్క ఇంకా ఖాళీగానే ఉంచింది. ఒక పేరు పట్టే గడిలో రెండు పేర్లు ఎలా సర్దాలా అని చూస్తోంది.

మొన్న టీ కప్పు పక్కన పెడుతూ, భయం భయంగానే అడిగింది. "ఎంతవరకు వచ్చిందమ్మా?"

"రెండో నెల దాకా," అంది ఆవిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఏడు నెలల్లో రెండు. తక్కిన అయిదూ షేడక్క పేరు మీదే ఉన్నాయి. ఆవిడ గుర్తుచెయ్యదు, మర్చిపోయినట్టూ ఉండదు. కప్పు అందుకుంటుంది, థ్యాంక్స్ అంటుంది, క్షమించానని మాత్రం అనదు.

మొత్తం బేరంలో షేడక్కకి మిగిలింది ఇదీ: సగం కంప్యూటరు, అది ఉన్న గది తాళం, తనని ఇంకా క్షమించకుండానే రోజూ పదింటికి వచ్చి పక్కన కూర్చునే ఒక మనిషి. పదకొండేళ్ళలో ఆ కౌంటర్ మీద ఆమెకంటూ ఇంత లాభం ఎన్నడూ రాలేదు.